కాలవలో గునపాలు

రుబ్బురాయిని వీపుకు కట్టుకుని యుద్ధానికి వెళ్లిన ఆడమనిషిని మీరెవరూ చూసి ఉండరు. నేను చూశాను. ఆమె చేసిన రొట్టె తిన్నాను, ఆమెతో వక్కాకు నమిలాను. ఆమె పేరు రెఫూహియో. వాళ్ల దేశంలో ఆ పేరుగల ఆడపిల్లల్ని ముద్దుగా కూకా అంటారట. మేము దానికి అమ్మ తగిలించి కూకమ్మను చేసుకున్నాం. దేశం మెక్సికో. అదెక్కడుందో ఆమెను అడిగితే ఒకసారి పొద్దు పొడిచే వైపు, ఇంకోసారి పొద్దు కుంకే వైపు చెయ్యి చూపించేది. మతి లేక అలా చూపిస్తోందనుకున్నాం. ఎటు పోయినా వస్తుందని, రెండూ నిజమేనని ఈమధ్య నా మనవరాలు చెప్పింది.

సముద్రం దాటి మేం కూలికి వచ్చింది బాగన్ దాతో దిక్కున కొబ్బరి తోటకు. మీరిప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊరిని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవాళ్లం. అక్కడి నుంచి నది వెంట పడవలో దిగువకు వస్తే, నది సముద్రంలో కలిసే చోట అంతా బురద నేల. కాలవలు తవ్వి నీరు లాగకపోతే అక్కడ చెట్టు బతకదు. అందుకని తోట నిండా కాలవలే. అన్నింటిలోకీ పెద్దది రేవు పక్కది. ఎంతటివాడూ గెంతి దాటలేనంత వెడల్పు, నిలువెత్తు లోతు. సముద్రం పోటు మీద ఉంటే నిండుగా పారేది, ఆటుకు అడుగున బురద తేలేది. దాని మీద ఒక కొబ్బరి మొద్దే వంతెన. ఇవతల మా లైను ఇళ్లు. అవతల, మూడు వైపులా నది, బురద అడవి ఉన్న చిన్న ముక్క మీద రేవూ, రేవు దగ్గర చీనావాడి కొట్టూ. ఆ చీనావాడు ఆ హిన్, కూకమ్మ మొగుడు.

ఆ హిన్ మెడ వెనక ఈ చివర నుంచి ఆ చివరకు కత్తి మచ్చ ఉండేది. వయసులో అతను మెక్సికో పోయి టొరెయోన్ అనే ఊళ్లో కూరగాయలు పండించుకునేవాడట. పాత సర్కారును దించుతామని లేచిన సేన ఒకటి ఆ ఊరిని పట్టుకుంది. పట్టుకున్నవాళ్లు సర్కారు మనుషుల జోలికి పోవడం మాని చీనావాళ్ల ఇళ్ల మీద పడ్డారు. కొట్లలోంచి వీధిలోకి లాగి నరికారు. కొందరిని గుర్రాలకు కట్టి ఈడ్చారు. వందల మంది పోయారట. ఆ హిన్ మెడ మీద కత్తివేటుతోనే తన తోటలోని నీటి కాలవలో పడి, పైన కాబేజీ ఆకులు కప్పుకుని, ఊపిరి బిగబట్టి బతికాడు. అందుకే కూకమ్మ పటాలాల కబుర్లు మొదలుపెడితే అతను మాట్లాడకుండా లేచి పడవ దగ్గరకు పోయి కూర్చునేవాడు. ఆమె మొదటి మొగుడు ఆ తరవాత చేరింది అలాంటి సేనలోనే మరి.

కూకమ్మ మాకు దగ్గరైంది ఆ రుబ్బురాయి వల్ల. కొట్టు వెనక మొక్కజొన్న వేసుకుని, ఆ గింజల్ని సున్నం నీళ్లలో ఉడకబెట్టి, మూడు కాళ్ల రాతి పీట మీద నూరి, రొట్టెలు తట్టేది. సున్నం తాంబూలంలోకి గానీ తిండిలోకి ఏమిటని మేం ముక్కు మీద వేలు వేసుకున్నాం. తిన్నాక ఊరుకున్నాం. ఆదివారాలు అక్కడ చేరి పేలు చూసుకుంటూ ఆమె కబుర్లు వినేవాళ్లం. పదేళ్లకు పైగా మా మధ్య ఉండి మా మాట నేర్చుకుంది. యాస మాదే, నవ్వు మాత్రం వేరే.

పాత సర్కారు పటాలానికి మనుషులు కావలిస్తే పట్టుకుపోయేవారట. కూలి నుంచి వస్తున్నవాణ్ణి, తాగి పడిపోయినవాణ్ణి, జైల్లో ఉన్నవాణ్ణి తాడు కట్టి తోలుకుపోయి బారకాసులో పెట్టి తాళం వేసేవారు. తోమాసు అనే ఆమె మొదటి మొగుణ్ణి అలాగే పట్టుకుపోయారు. సిపాయికి తుపాకీ ఇచ్చే సర్కారు తిండి వండిపెట్టేది కాదట. అందుకని పెళ్లాలు వెంట పోవాలి. వంట సామాను, పిల్లలు, రాయి, అన్నీ ఆడదాని వీపు మీదే. పటాలం కదిలితే ఆడవాళ్లు ముందుగా నడవాలి. సిపాయి వచ్చేసరికి పొయ్యి రాజుకుని ఉండాలి. లేకపోతే అతని బెల్టు దెబ్బలు తినాలి.

ఆ పటాలం ఒక పోరులో ఓడిపోయింది. చిక్కినవాళ్లలో కొందరిని, గెలిచిన ఉత్తరపు తిరుగుబాటు సేనవాళ్లు గోడకు నిలబెట్టి కాల్చారు, మిగిలినవాళ్లను తమలో కలుపుకున్నారు. అలా తోమాసు ఉత్తరపు సేనలో గుర్రపు రౌతు అయ్యాడు. ఆ సేన రైళ్ల మీద తిరిగేదట. పెట్టెల్లో గుర్రాలు, పెట్టెల మీద మనుషులు. కప్పు మీదే పొయ్యి, కప్పు మీదే పురుడు. వంగిన కొమ్మ తగిలితే మనిషి ఎగిరిపోవడమే, బండి ఆగదు. అంతటి గుర్రపు దళం ఇంకెక్కడా లేదని ఆమె చేతులు బార చాపి చెప్పేది. వాళ్లు ఒక్కసారిగా దౌడు తీస్తే ఎదుటివాళ్లు తుపాకులు పారేసి పరిగెత్తేవారట.

అంత దళమూ సెలాయా అనే ఊరి బయట గోధుమ చేలల్లో చచ్చింది. ఎదుటి సేనానికి గుర్రాలతో పని లేకపోయింది. చేలకు నీరు పారే కాలవల్లో మనుషుల్ని దింపి, ముందు ముళ్ల తీగ కట్టి, మర తుపాకులు పెట్టుకుని కూర్చున్నాడు. ఉత్తరపువాళ్లకు ఎదురుగా చేను కనబడింది. దౌడు తీశారు. తీగలో గుర్రాలు చిక్కి అరుస్తుంటే మనుషులు వాటి మీదే పడ్డారు. మళ్లీ దౌడు తీశారు. మళ్లీ పడ్డారు. పేగులు తొక్కుకుంటూ గుర్రాలు వెనక్కి వచ్చేవని ఆమె చెబుతుంటే మా పోలమ్మ పిన్ని చెవులు మూసుకునేది. తోమాసు ఒక కాలవలో దొరికాడు. కడుపులో గుండ్లు దిగి ఉన్నాయి, ప్రాణం ఉంది. అతని తల ఎత్తి ఒళ్లో పెట్టుకుందో లేదో, సేన వెనక్కి పోతోంది, ఆడవాళ్లు ముందు నడవండని కేక వినిపించింది.

“లేచి ఎల్లిపోయినాను. ఇంకొకరి మొగుడికి పొయ్యి రాజెయ్యడానికి. నాను వొగ్గీగానే ఆడి మొగం నీటిలోకి ఒరిగిపోయింది” అనేది. అక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఏదో పని ఉన్నట్టు లేచేది. ఆ తరవాతే ఆ హిన్‌ను కట్టుకుని, అతని వెంట ఓడెక్కి ఇటు వచ్చిందట.

ఇంత ఎందుకు చెప్పానంటే, కూకమ్మకు కాలవ అంటే ఏమిటో మీకు తెలియాలి. ఇక గునపం సంగతి.

మా మగవాళ్లు చేసేది కొబ్బరి ఒలుపు. నేలలో గునపాన్ని మొన పైకి ఉండేలా పాతి, కాయను దాని మీద గుచ్చి, ఒక మెలికతో పీచు ఊడదీస్తారు. చూసేవాళ్లకు ఆటలా ఉంటుంది. జారితే ఆ మొన అరచేతిలోంచి వెళుతుంది. ఎవరి గునపం వాళ్లదే. తండ్రి పోతే కొడుకుకు వస్తుంది. ఆయుధ పూజనాడు పసుపు రాసి, పసుపు దారం కడతారు. గునపాన్ని దాటకూడదు. దాటక తప్పకపోయినా, పనికి పట్టుకునే ముందైనా, చేత్తో తాకి కళ్లకు అద్దుకోవాలి. దొరల తోటలో దేవుడంటే మాకు అదే, గుడి కట్టుకునే ఓపిక ఎవరికి ఉంది?

మా పక్క గది అచ్చమ్మది. ఆమె అయ్య పేరుమోసిన ఒలుపుగాడు. ఆయన గునపం పెద్దకొడుకు పైడయ్యకు వచ్చింది. పైడయ్య కండ చూసి కంగాణీ బంగారయ్య అతణ్ణి తన మనిషిగా తీసుకున్నాడు. కర్ర పట్టుకుని కూలీల వెంట తిరగడమే పని. పైడయ్య ఒలుపు మానేశాడు. అయ్య గునపాన్ని చెల్లెలి గుమ్మంలో పెట్టి, మొగుడికి ఇచ్చుకోమన్నాడు. అలా అది అచ్చమ్మ మొగుడు అప్పడి చేతికి వచ్చింది. అన్నాచెల్లెళ్లకు మాటలు తగ్గాయి గానీ, పూజనాడు మాత్రం పైడయ్య వచ్చి ఆ గునపాన్ని కళ్లకు అద్దుకుని పోయేవాడు. తన చేత్తోనే కొత్త దారం కట్టేవాడు.

బంగారయ్య మన ఊళ్ల నుంచి మనుషుల్ని తెచ్చి దొరకు అప్పగించిన కంగాణీ. తాను తెచ్చిన మనిషి తన గొడ్డు అనుకునేవాడు. పొద్దున్నే పెరట్టు అనే హాజరులో పేర్లు పిలిచేటప్పుడు ఆలస్యమైనవాడి వీపు చిట్లేది. మీ తాత వీపు మీద చారలు మీరు చూశారు కదా, పెద్దపులి గీరిందని చిన్నప్పుడు మీకు చెప్పేవారు. ఆ పులి ఇదే.

కొబ్బరి ధర పడిపోయిన రోజులు అవి. చాకిరీ పెరిగింది. ఒకరోజు పొద్దున ఎండెక్కుతుండగా అచ్చమ్మ పీచు గుట్ట పక్కన కూర్చుని నెలల బిడ్డకు పాలిస్తోంది. బంగారయ్య వెనక నుంచి వచ్చి బెత్తంతో ఒక్కటి వేశాడు. ఆమె వీపు వంచేసరికి బెత్తం కొస బిడ్డ నెత్తి మీద చీరింది. బిడ్డ గుక్క పట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఆ చిన్న తల మీద నెత్తురు గీత లేవడం చూశాను.

అప్పడు చేతిలో కాయ పడేశాడు. గునపాన్ని నేలలోంచి పెరికి రెండు చేతులా తిప్పి కొట్టాడు. ఇనుము బంగారయ్య మొహానికి అడ్డంగా తగిలింది. పండు చితికినట్టు చప్పుడైంది. ఎడమ కన్ను ఉన్న చోట ఇక కన్ను లేదు. మరుక్షణం బంగారయ్య మనుషులు అప్పడి మీద పడ్డారు. వాళ్లు దుడ్డుకర్రలతో మోకాలి చిప్ప పగలగొట్టాక మా ఒలుపువాళ్లు వచ్చి లాక్కున్నారు. పచ్చి కాయలు రువ్వుకుంటూ, కరుచుకుంటూ, ఒకరి జుట్టు ఒకరు పెరుక్కుంటూ కాలవ దాకా వచ్చి, అప్పణ్ణి మొద్దు మీంచి అవతలకు మోశాం. కూకమ్మ కొట్టు తప్ప దిక్కు లేదు.

దొర ఊళ్లో లేడు. తోట లెక్కలు రాసే కిరాణీ తలుపు వేసుకున్నాడు. పోలీసు ఠాణా దూరం, అక్కడివాళ్లకు బంగారయ్య కల్లు పోస్తాడు. ఆ హిన్ పడవ రేవులోనే ఉంది. అప్పణ్ణి నది మీద తెలుక్ ఆన్సన్ చేర్చి రైలెక్కిస్తే, సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో అచ్చమ్మ మేనమామ ఉన్నాడు. కానీ అది ఆటు వేళ. పడవ బురదలో పక్కకు ఒరిగి కూర్చుంది. సాయంత్రం పోటు వస్తేనే తేలుతుంది. పోటు వస్తే కాలవ కూడా నిండుతుంది, ఎవరూ దిగలేరు. అప్పటిదాకా ఆపాలి. అంతే మా పని, అప్పడు పడవెక్కేదాకా ఆపడం.

మధ్యాహ్నానికి పైడయ్య ఒక్కడే కాలవ ఒడ్డుకు వచ్చాడు. చేతిలో పారంగు కత్తి. మొద్దు ఎక్కలేదు. బంగారయ్య ప్రమాణం చేశాడని, పొద్దు కుంకేలోగా అప్పడి రెండు కళ్లూ తెచ్చి తన దోసిట్లో పెట్టమన్నాడని, ఆ పని పైడయ్యే చెయ్యాలన్నాడని చెప్పాడు. చెయ్యకపోతే ఆ లెక్క పైడయ్యతోనే తేల్చుకుంటాడట. చెబుతున్నంతసేపూ అతను చెల్లెలి వైపు చూడలేదు.

“సెల్లీ, ఆణ్ణి నాకు వొగ్గీ. ఒక కన్నుతో పోనిత్తాను. ఒకటి ఉంటాది ఆడికి.”

అచ్చమ్మ నెత్తురు గుడ్డ చుట్టిన బిడ్డను ఎత్తుకుని ఒడ్డుకు వచ్చింది.

“నీకు రెండున్నాయి కదన్నియ్యా. ఒకటి నువ్వే ఇచ్చీ. ఆ ముండాకొడుక్కి కన్ను కన్నే కదేటి, ఎవులిదైతే ఏటి?”

పైడయ్య ఉమ్మేసి వెళ్లిపోయాడు.

మావాళ్లు అరటి బోదెలు, పీచు మూటలు తెచ్చి ఒడ్డున గోడలా పేర్చడం మొదలుపెట్టారు. కూకమ్మ వచ్చి కాలితో వాటిని తన్నేసింది.

“గోడ కనబడితే ఆగి ఆలోసిత్తారు. ఆలోసిత్తే పడవలెతుక్కుంటారు, నదిలోంచి వత్తారు. కాలవ కనబడితే దిగుతారు. మావోళ్లు దిగినారు.”

ముందు మొద్దు లాగించింది. తరవాత ఒలుపువాళ్ల గునపాలన్నీ తెమ్మంది. ఇప్పుడు మాకు అవతలిదైన లైను ఇళ్ల వైపు ఒడ్డు కింద, దిగినవాడి కాలు పడే చోట, బురదలో మొన పైకి ఉండేలా పాతమంది. మా మగవాళ్లు కదల్లేదు. అన్నం పెట్టే ఇనుమును బురదలో ఎలా పెడతామన్నారు. మీ తాత అందరికన్నా ముందు దిగారు. తన గునపాన్ని కళ్లకు అద్దుకుని, తప్పు కాయమని చెప్పి, పాతారు. తరవాత ఒకరి వెనక ఒకరు అలాగే కళ్లకు అద్దుకుంటూ పాతారు. పైన ఎండు మట్టలు కప్పారు. కాలవల్లో మట్టలు ఎప్పుడూ పడే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు.

అచ్చమ్మ అయ్య గునపం తెచ్చింది. బంగారయ్య నెత్తురు దాని మీద ఎండిపోయి ఉంది. పసుపు దారం అలాగే ఉంది. అది వద్దని మీ తాత అన్నారు. ఇవతలి ఒడ్డు దగ్గర, దాటి వచ్చినవాడు పైకి ఎక్కే చోట, తనే దిగి పాతింది.

“అయ్య ఉంటాడు నా పెనిమిటికి కాపలా” అంది.

కూకమ్మ ఇంకొకటి చేసింది. మొక్కజొన్న ఉడికే పెద్ద డేగిసాలో ఇంకా సున్నం వేసి, ఒడ్డున మూడు రాళ్ల మీద పెట్టి మంట ఎగదోసింది. గరిట నా చేతికి ఇచ్చింది. తను మాత్రం ఆ మూడు కాళ్ల రాతి పీటను తెచ్చి ఒడ్డున పెట్టుకుని కూర్చుంది. ఆ హిన్ పడవలో ఉన్నాడు. ఈసారి లేచి ఎక్కడికీ పోలేదు, పోవడానికి చోటు లేదు. అతని చెయ్యి మెడ వెనక్కే పోతోంది. అప్పణ్ణి పడవలో చాప మీద పడుకోబెట్టాం. మోకాలు గుమ్మడికాయంత అయింది. బిడ్డను అతని పక్కన పెట్టాం.

పొద్దు వాలుతుండగా వచ్చారు. కల్లు బాగా పట్టించి ఉన్నారు. పారంగులు, దుడ్డుకర్రలు, సైకిలు గొలుసులు. బంగారయ్యను కుర్చీలో మోసుకొచ్చి అవతలి ఒడ్డున దింపారు. కుడి కన్ను తప్ప మొహమంతా గుడ్డ కట్టి ఉంది. వాపెక్కి ఇప్పుడు నోరు తెరవలేడు. బెత్తం మాత్రం చేతిలో ఉంది. దానితో కాలవ వైపు చూపించాడు.

మొద్దు లేకపోయేసరికి వాళ్లు నవ్వారు. ఇంతేనా అన్నారు. ముందు వరస కేకలేసుకుంటూ ఒక్కసారిగా దూకేసింది.

ఆ అరుపులు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. ఒకడి పాదం కింద నుంచి దిగిన మొన పైకి వచ్చింది. వాడు కాలు ఎత్తబోయి వెనక్కి పడ్డాడు, పడినచోట ఇంకొకటి తొడలో దిగింది. ఒకడు మోకాళ్ల మీద దూకాడు. ఇంకొకడు తోటివాడి మీద పడి, వాణ్ణి మొనకు అదిమి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క వాడి జుట్టే పట్టుకుని వేలాడాడు. బురద ఎర్రగా చిలికినట్టయింది. ఇద్దరు మాత్రం ఎలాగో తప్పించుకుని ఇవతలి ఒడ్డు పాకారు. మావాళ్లు పచ్చి కాయలతో తలల మీద మోదారు. ఒకడు ఆగకుండా గట్టు మీదకు చెయ్యి వేసి నా కాలి అందె పట్టుకున్నాడు. నేను గరిట పారేసి డేగిసాయే ఒంచాను. ఉడుకుతున్న సున్నం నీళ్లు వాడి మెడ మీద, భుజాల మీద పడ్డాయి. తోలు చీరలా జారింది. వాడు నా అందెను వదిలేసి బురదలోకి పోయాడు. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో.

అవతల మిగిలినవాళ్లు ఆగిపోయారు. ఒకడు వెనక్కి తిరిగాడు, బంగారయ్య బెత్తంతో వాడి మొహం మీద కొట్టాడు. తరవాత బెత్తం కొసను పైడయ్య రొమ్ముకు ఆనించాడు.

పైడయ్య కాలవల్లో పెరిగినవాడు. దూకలేదు. వేళ్లు పట్టుకుని మెల్లగా దిగాడు. పారంగుతో మట్టల్ని పక్కకు తోస్తూ, ఒక గునపం కనబడగానే దాన్ని అటూ ఇటూ కదిపి పెరికి వెనక్కి పారేశాడు. ఇంకొకటి పెరికాడు. అరుస్తున్నవాడి తొడలోంచి ఒకటి లాగాడు. మేం వేసిన కాయలు అతని వీపు మీద, తల మీద పడుతున్నాయి. నుదురు చిట్లి కళ్లలోకి కారుతోంది. అయినా ఆగలేదు. అతని వెనక బాట తేటగా ఏర్పడుతోంది. అది చూసి అవతలివాళ్లకు ధైర్యం తిరిగి వచ్చింది, ఒడ్డు మీద గుంపు కట్టారు. కూకమ్మ లేచి నిలబడింది. తన కాలవను ఎవరో చదివేస్తున్నట్టు చూస్తోంది. పడవ కింద అప్పుడప్పుడే నీరు కదులుతోంది, కానీ తేలడానికి ఇంకా చాలదు.

ఇవతలి ఒడ్డు దాకా వచ్చాడు. ఎక్కడానికి అడ్డం ఒక్క మట్ట మిగిలింది. దాన్ని పారంగుతో ఎత్తాడు. కింద పసుపు దారం.

పైడయ్య ఆగాడు. అది ఎవరిదో చూడగానే తెలిసింది. దారం కట్టింది తనే కదా. పెరికెయ్యవచ్చు. పక్క నుంచి దాటవచ్చు. పక్కనే అచ్చమ్మ గట్టు మీద కొట్టులోని పారంగు ఎత్తి పట్టుకుని ఉంది, అతని కంటికి ఆమె ఆనలేదు. కత్తిని కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. మోకాళ్లు వంచి, మొన మీదకు వంగి, కుడి చెయ్యి చాపి ఆ ఇనుమును తాకాడు. ఆ చేతిని కళ్లకు తెచ్చుకున్నాడు.

వెనకవాళ్లకు ఇదేమీ కనబడలేదు. పైడయ్య వంగాడు, అంటే చివరిది కూడా పెరికేస్తున్నాడు, బాట అయిపోయింది అనుకున్నారు. గుంపంతా ఒక్కసారిగా దిగింది. నెత్తురు బురద మీద ముందువాడి కాళ్లు నిలవలేదు. ఎడ్లబండి జారినట్టు జారి వచ్చి పైడయ్య వీపుకు గుద్దుకున్నాడు.

గునపం గొంతు కింద, రెండు ఎముకల మధ్య దిగింది. మొన వీపు దగ్గర చొక్కాను గుడారంలా లేపింది. అతని చెయ్యి ఇంకా కళ్ల దగ్గరే ఉంది.

గుద్దుకున్నవాడు పక్కకు దొర్లి, అది చూసి, వెనక్కి పాకడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్లూ అంతే. తమలో అందరికన్నా గట్టివాడు అలా వేలాడుతుంటే ఇక ఎవరికీ కాళ్లు ముందుకు రాలేదు. దెబ్బ తిన్నవాళ్లను ఈడ్చుకుంటూ ఒడ్డెక్కారు. బంగారయ్య కుర్చీలోంచి లేచి బెత్తం ఊపుతూ, గుడ్డ వెనక నుంచి మూలిగాడు. ఆ కుర్చీని ఎవరూ ఎత్తలేదు. తరవాత తనే తడుముకుంటూ నడిచి పోయాడు.

అచ్చమ్మ కత్తి పడేసి కాలవలోకి జారింది. అన్న తలను రెండు చేతులా పట్టుకుంది. అతనికి ఇంకా ప్రాణం ఉంది. నోట్లోంచి నెత్తురు బుడగలు వస్తున్నాయి.

“అయ్యది కదే” అన్నాడు.

“అవునన్నియ్యా. అయ్యదే.”

ఇంకేదో అనబోయాడు గానీ, రాలేదు.

అదే సమయానికి పోటు ఊపందుకుంది. అడుగున సన్నగా పాకిన నీరు చూస్తుండగానే అచ్చమ్మ చీలమండలు ముంచింది. రేవులో పడవ నిటారుగా లేచింది. ఆ హిన్ పిలిచాడు. మొదటి పోటుతో బయలుదేరితేనే తెల్లారేలోగా ఊరు చేరతామని, ఆలస్యమైతే వాళ్లు జాలరుల పడవలు తెచ్చి నదికి అడ్డం పడతారని అతని భయం. అతని భయం ఉత్తది కాదు. దూరంగా గట్టు వెంట ఇద్దరు జాలరుల పల్లె వైపు పరిగెత్తడం మీ తాత చూశారు. పడవలో బిడ్డ ఏడుస్తోంది. అప్పడు లేవబోయి పడ్డాడు. పెళ్లాం లేకుండా కదిలేది లేదని అరుస్తున్నాడు.

అచ్చమ్మ అన్నను వదల్లేదు. వదిలితే ఆ తల ముందుకు వాలుతుంది, నీరు పెరుగుతోంది. ఆమె మొహంలో నాకు ఏమీ కనబడలేదు, ఎవరి మొహమో అన్నట్టుంది.

కూకమ్మ కాలవలోకి దిగింది. లావుపాటి మనిషి, బురదలో తొడల దాకా కూరుకుపోతూ వచ్చింది. పైడయ్య పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అచ్చమ్మ చేతుల కింద తన చేతులు పెట్టింది.

“నువ్వెల్లు” అంది. “ఆడు బతికున్నాడు. బతికున్నోడి కాడికెల్లు. ఈడ్ని నాను పట్టుకుంటాను.”

అచ్చమ్మ కదల్లేదు.

“ఎల్లవే గుంటా. నాను వొగ్గను. ఈ పాలి వొగ్గను.”

అప్పుడు అచ్చమ్మ ఒక్కొక్క వేలే తీసింది. గట్టెక్కింది. మీ తాత ఆమెను రెక్క పట్టుకుని పడవలోకి తోశారు. ఆ హిన్ గెడ వేశాడు. పడవ నది మలుపు తిరిగేదాకా ఆమె కాలవ వైపే చూస్తూ కూర్చుంది. బిడ్డను చేతికి ఇస్తే తీసుకుంది గానీ, తల తిప్పలేదు.

అప్పడు బతికాడు. రెండు కళ్లతో, ఒక కుంటి కాలితో, సుంగై సిపుట్ రబ్బరు తోటలో ముసలివాడయ్యాడు. పోలీసులు తెల్లారి వచ్చి, ఈ గునపాలు ఎవరివని అడిగారు. అందరివీ అన్నాం. ఎవరు పాతమన్నారని అడిగారు. ఎవరి గునపం వాళ్లే పాతుకుంటారు బాబూ, అది మా పని అన్నారు మీ తాత. కొందరిని కొన్నాళ్లు లోపల పెట్టి వదిలేశారు. ఒంటికన్ను కంగాణీ మాట ఎవరూ వినకపోయేసరికి, దొర తిరిగి వచ్చాక బంగారయ్యను ఊరికి పంపేశాడు. అవన్నీ తరవాతి సంగతులు.

ఆ సాయంత్రం మాత్రం పోటు ఆగలేదు. నీరు కూకమ్మ నడుం దాకా వచ్చింది. తరవాత రొమ్ము దాకా. ఆమె పైడయ్య గడ్డం కింద అరచెయ్యి పెట్టి, నీరు పెరిగినకొద్దీ ఇంకాస్త, ఇంకాస్త ఎత్తుతోంది. వాళ్ల భాషలో ఏదో చెబుతోంది, మెల్లగా, పొయ్యి దగ్గర కూర్చుని చెప్పినట్టు. మీ తాత, ఇంకో ఇద్దరూ నీటిలో మునిగి మునిగి గునపం మొదలును తవ్వుతున్నారు. నేను కూడా దిగి అతని నుదుటి మీది బురద పైట చెంగుతో తుడిచి, ఆమె చేతికి నా చెయ్యి సాయం పెట్టాను.

అతని ప్రాణం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఆమెకు తెలిసే ఉంటుంది. కానీ గునపం ఊడి, నలుగురూ కలిసి అతణ్ణి గట్టెక్కించేదాకా ఆ చెయ్యి దించలేదు. ఆ మొహానికి ఒక్క నీటి చుక్క తగలనివ్వలేదు.